కదిలే గదికి నేల ఎలా ఉండాలి?

ఇంటికి నేల వేయించుకునేటప్పుడు రంగు చూస్తాం, నునుపు చూస్తాం, చదరపు అడుగు ధర అడుగుతాం. కింద ఏముందని అడగం. కింద కాంక్రీటు ఉంటుంది, దాని కింద భూమి ఉంటుంది, ఆ రెండింటినీ నమ్మవచ్చు. చక్రాల మీద కట్టిన గదికి ఆ ఆసరా లేదు. దాని నేల గాలిలో ఉంటుంది. పైన మనుషులు నడుస్తారు, కింది నుంచి రోడ్డు బురద చిమ్ముతుంది, పక్కన గోడలు ఊగుతాయి, మొత్తం చట్రం ఎండకు కాగుతుంది. అమెరికాలో గుర్రాలను పోటీలకు తీసుకెళ్లే పెద్ద ట్రైలర్లలో వెనక గుర్రాలకు చోటు, ముందు మనుషులకు మంచం, పొయ్యి, స్నానాల గది ఉంటాయి. మన రోడ్ల మీద అలాంటి బండి దాదాపు కనబడదు. కానీ అదే గది వేరే పేర్లతో మనకు బాగా తెలుసు. పర్యాటకుల క్యారవాన్, ఊరూరా తిరిగే సంచార వైద్యశాల, షూటింగులకు వెళ్లే వానిటీ వ్యాన్, డ్రైవరు రాత్రి పడుకునే లారీ క్యాబిన్, రైలు పెట్టె, ఇవన్నీ కదిలే గదులే. 2020 జులై 1న ఆంధ్రప్రదేశ్‌లో 108, 104 సేవల కోసం 1,088 వాహనాలు ఒకేసారి రోడ్డెక్కాయి. అదే ఏడాది నవంబరులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రాయ్‌పూర్‌తో సహా తన నగరాల్లోని మురికివాడలకు సంచార వైద్యశాలలు పంపడం మొదలుపెట్టింది. ఇంత ప్రజాధనం, ఇంతమంది ఆరోగ్యం ఆధారపడిన గదులకు నేల ఎలా ఉండాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి రాయ్‌పూర్ సరైన చోటు. హౌరా–ముంబయి రైలు మార్గం ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. ఇక్కడ రైల్వే వారి వ్యాగన్ మరమ్మతు కార్ఖానా ఉంది, దాని చుట్టూ డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ ఉంది. 1931లో పూర్తయిన విజయనగరం లైను ఈ ఊరిని తెలుగు నేలతో కలిపింది. 30వ నంబరు జాతీయ రహదారి ఇక్కడి నుంచి జగ్దల్‌పూర్, కుంట, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం దాకా వస్తుంది. బండ్లకు ఇది కూడలి, వాతావరణానికి కఠినమైన పరీక్ష. మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. ఏడాది వానలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు నాలుగు నెలల్లోనే కురుస్తుంది. ఇక్కడ నిలిచిన నేల తెలుగు జిల్లాల్లో ఎక్కడైనా నిలుస్తుంది. ఈ వ్యాసం వాదన ఒక్కటే: కదిలే గదికి నేలను పైపొర చూసి ఎంచుకోకూడదు. అడుగు చెక్క, దాని అంచులు, దాని కింది వైపు ముందు తేల్చుకోవాలి. ఆ మూడూ సరిగా ఉంటే మామూలు పైపొర కూడా ఏళ్ల తరబడి ఉంటుంది. అవి సరిగా లేకపోతే ఎంత ఖరీదైన పైపొర వేసినా ఎన్నో వానాకాలాలు దాటలేదు.

రైలు పెట్టె చెప్పే సాక్ష్యం

కదిలే నేలల గురించి మన దేశంలో అందరికంటే ఎక్కువ అనుభవం రైల్వేది. 1955 అక్టోబరు 2న మద్రాసు పెరంబూరులో ప్రారంభమైన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ స్విస్ నమూనాలో తయారుచేసిన పెట్టెలు ఆరు దశాబ్దాలకు పైగా దేశాన్ని మోశాయి. ఆ పెట్టె నేల పొరలు పొరలుగా ఉంటుంది. అన్నిటికన్నా కింద ముడతలు ముడతలుగా ఒత్తిన ఉక్కు రేకు, అదే ట్రఫ్ ఫ్లోర్. దాని మీద రెజిన్ పట్టించి ఒత్తిడితో గట్టిపరచిన చెక్క పలక, దాన్ని కంప్రెగ్ అంటారు. ఆ పైన కొద్ది మిల్లీమీటర్ల పీవీసీ షీటు. మనం రైల్లో కాలు మోపేది ఆ షీటు మీద. ఇప్పుడు ఈ పెట్టెలు ఎక్కడ పాడయ్యేవో చూడండి. మధ్యలో, జనం ఎక్కువగా నడిచే చోట కాదు. మరుగుదొడ్ల కింద, తలుపుల గడప దగ్గర, పక్కగోడ కిందికి మలుపు తిరిగి నేలను కలిసే చోట, పొడవునా సాగే సోల్‌బార్ అనే దూలం దగ్గర. కోచ్ మరమ్మతుల్లో తుప్పు కోసం ముందుగా వెతికేవి ఈ చోట్లే. సికింద్రాబాద్ లాలాగూడ, తిరుపతి వంటి కోచ్ కార్ఖానాల్లో పనిచేసిన వారికి ఇది కొత్త సంగతి కాదు.

దీని అర్థం ఏమిటి? లక్షల కాళ్ల రాపిడి కన్నా అంచు దగ్గర దిగిన చెంబెడు నీళ్లే ఎక్కువ నష్టం చేశాయి. షీటు పైభాగం అరగకముందే దాని కింద దాగిన నీరు ఉక్కును తినేసింది. మరుగుదొడ్డి నీటిలో ఉండే లవణాలు ఆ పనిని ఇంకా వేగం చేశాయి. రైల్వే దీనికి చూపిన విరుగుడు కూడా మనకు పాఠమే. మరింత గట్టి పైపొర కోసం వెతకడంతో సరిపెట్టుకోకుండా, మరుగుదొడ్డి నేలలో స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు వేసింది, ట్రఫ్ రేకును స్టెయిన్‌లెస్ స్టీలుకు మార్చింది. ఆ తరువాత జర్మనీ నుంచి వచ్చిన ఎల్‌హెచ్‌బీ నమూనాలో పెట్టె శరీరాన్నే స్టెయిన్‌లెస్ స్టీలుతో కట్టింది. 2012లో అనిల్ కకోద్కర్ నాయకత్వంలోని భద్రతా సమీక్షా సంఘం పాత పెట్టెల స్థానంలో ఎల్‌హెచ్‌బీ పెట్టెలు రావాలని సిఫారసు చేసింది. 2018 జనవరిలో పెరంబూరు పాత నమూనా తయారీని ఆపేసింది. పాత పెట్టెకు లెక్కగట్టిన ఆయుష్షు 25 ఏళ్లు, కొత్తదానికి 35 ఏళ్లు. ఆ తేడాకు కారణాలు చాలా ఉన్నా, తుప్పును తట్టుకునే శరీరం అందులో ముఖ్యమైనది.

ఎండకు సాగేది, చలికి ముడుచుకునేది

ఇక పైపొర సంగతి. బజారులో ఇప్పుడు అందరి కళ్లూ పడేది చెక్క గీతలు ముద్రించిన పలకల మీద. ఒకదాని అంచు ఇంకొకదానిలో టక్కున బిగించే ఎస్‌పీసీ, వినైల్ పలకలు, లామినేట్ పలకలు. వీటిని జిగురు లేకుండా నేల మీద తేలేటట్టు పరుస్తారు. ఇంట్లో ఇవి బాగుంటాయి. బండిలో ఎందుకు ఇబ్బంది పడతాయో ఒక చిన్న లెక్క చెబుతుంది. నాలుగు మీటర్ల పొడవున్న గదిని తీసుకుందాం. జనవరి తెల్లవారుజామున దాని నేల 10 డిగ్రీలు ఉంటుంది. మే మధ్యాహ్నం తలుపులు మూసి ఎండలో నిలిపిన బండిలో, అద్దం గుండా ఎండ పడే చోట 60 డిగ్రీల దాకా పోవచ్చు. తేడా 50 డిగ్రీలు. ఈ తేడాకు నాలుగు మీటర్ల ఉక్కు చట్రం సుమారు 2.4 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం అయితే 4.6 మిల్లీమీటర్లు. ప్లైవుడ్ ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. స్వేచ్ఛగా వదిలిన పీవీసీ 14 మిల్లీమీటర్ల వరకు సాగుతుంది. రాతిపొడి కలిపిన ఎస్‌పీసీ అంతకన్నా తక్కువే సాగినా, కింది ప్లైవుడ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది. ఒకదాని మీద ఒకటి ఉన్న పొరలు ఇలా తలో కొలతలో కదులుతాయి.

తేలే పలకల తయారీదారులు అందుకే గోడల వారన ఖాళీ వదలమని చెబుతారు. ఇంట్లో ఆ ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది. బండిలో ఆ సూత్రం రెండు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది, కదిలే గదిలో మంచం, అలమర, వంటగట్టు ఏవీ ఊరికే నిలబెట్టరు, నేలకు బోల్టు వేసి బిగిస్తారు. బోల్టు పలకల గుండా పోయిందంటే ఆ చోట నేల కట్టుబడిపోతుంది. సాగాల్సిన పలక సాగలేక ఎత్తుకు ఉబ్బుతుంది, లేదా అతుకు దగ్గర విడిపోతుంది. రెండవది, గోడవారన వదిలిన ఆ ఖాళీయే నీటికి దారి. రైలు పెట్టె పాడైన చోటును మనం చేజేతులా తయారుచేసినట్టవుతుంది.

దీనికి మెత్తని వినైల్ షీటు ఇచ్చే జవాబు వేరు. అది కూడా సాగాలనే చూస్తుంది. కానీ మెత్తనిది కాబట్టి దాని తోపుడు బలం చాలా తక్కువ. ఒక వస్తువును సాగనివ్వకుండా ఆపితే అందులో పుట్టే ఒత్తిడి, అది ఎంత సాగుతుందన్నదాని మీదే కాదు, ఎంత బిరుసైనదన్నదాని మీదా ఆధారపడుతుంది. మెత్తని షీటు బిరుసుదనం గట్టి పలక కన్నా పదుల రెట్లు తక్కువ. కాబట్టి దాని మొత్తం విస్తీర్ణాన్నీ జిగురుతో ప్లైవుడ్‌కు పట్టిస్తే, జిగురు దాన్ని సులువుగా పట్టి ఉంచుతుంది. షీటు ప్లైవుడ్‌తో పాటే కదులుతుంది. గోడవారన ఖాళీ అక్కర్లేదు. రైల్వే దశాబ్దాలుగా షీటునే వాడుతూ రావడం వెనక ధర ఒక్కటే లేదు, ఈ భౌతికశాస్త్రం కూడా ఉంది.

మెలితిరిగే చట్రం

ఎండ నెమ్మదిగా చేసే పనిని రోడ్డు క్షణక్షణమూ చేస్తుంది. ఖాళీ అగ్గిపెట్టె డొల్లను రెండు చివరలా పట్టుకుని ఎదురెదురు దిక్కులకు తిప్పితే ఎలా మెలిపడుతుందో, ఒక చక్రం గుంటలో పడ్డప్పుడు బండి శరీరం అలా మెలిపడుతుంది. నేల ఆ మెలికను మోయాలి. సిరామిక్, విట్రిఫైడ్ టైల్స్ మోయలేవు. టైల్ సాగదు, దాని అతుకులోని సిమెంటు అసలే సాగదు. మెలిక పడ్డ ప్రతిసారీ అతుకుల్లో వెంట్రుక మందాన పగుళ్లు పుడతాయి, వాటి గుండా నీరు దిగుతుంది. పైకి నేల బాగానే కనబడుతుంది, కింద చెక్క నానుతూ ఉంటుంది. బరువు కూడా చూడాలి. తొమ్మిది, పది మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైల్ చదరపు మీటరుకు 20 కిలోలకు పైనే తూగుతుంది, రెండు మిల్లీమీటర్ల వినైల్ షీటు మూడు కిలోల లోపు. ఆరు చదరపు మీటర్ల చిన్న గదికే నూరు కిలోల పైచిలుకు తేడా. ఆ భారాన్ని బండి ఉన్నన్నాళ్లూ ఇంజను లాగాలి, టైర్లు మోయాలి, బ్రేకులు ఆపాలి.

బిగింపు పలకల అంచుల్లో ఒకదానిలో ఒకటి ఇమిడే నాలుకలకూ ఈ మెలికే శత్రువు. సన్నని ఆ పట్టు, కింద చదునైన గట్టి నేల ఉందన్న నమ్మకంతో తయారైనది. బండి కుదుపులో ఒక పలక ఇంకొకదాని మీద సన్నగా రాసుకుంటుంది. రోడ్డు దుమ్ము ఆ సందులో చేరి ఆకురాయిలా అరగదీస్తుంది. మొదట కిర్రుమనే చప్పుడు వస్తుంది, తరువాత సందు కనబడుతుంది.

నీరు ఎటు నుంచి వస్తుంది?

నేల మీద పడే నీటి గురించే అందరూ ఆలోచిస్తారు. కదిలే గదికి నీరు మూడు దారుల్లో వస్తుంది. పై నుంచి ఒలికేది ఒకటి. చక్రాలు కింది నుంచి చిమ్మేది రెండవది. మూడవది కంటికి కనబడదు, అది గాలిలోని ఆవిరి. మన దేశానికి ప్రత్యేకంగా అర్థం చేసుకోవాల్సింది ఈ మూడవదే. చలిదేశాల్లో క్యారవాన్ లోపల వెచ్చగా, బయట చల్లగా ఉంటుంది. ఆవిరి లోపలి నుంచి బయటికి పోవాలని చూస్తుంది. అందుకే అక్కడి వారు ఆవిరిని ఆపే పొరను లోపలి వైపు వేస్తారు. రాయ్‌పూర్‌లో శ్రావణ మాసాన ఇది తలకిందులవుతుంది. బయటి గాలి 28 డిగ్రీలు, అందులో తేమ 85 శాతం ఉందనుకుందాం. ఆ గాలిలోని ఆవిరి 25 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలుపెడుతుంది. లోపల ఏసీ 22 డిగ్రీలకు పెట్టారు. ఇప్పుడు ఆవిరి బయటి నుంచి, అంటే బండి కింది నుంచి, ప్లైవుడ్ గుండా పైకి వస్తుంది. పైన వినైల్ షీటు దాన్ని దాటనివ్వదు. కాబట్టి ఆ ఆవిరి సరిగ్గా షీటు అడుగున, జిగురు ఉన్న చోటనే చల్లబడి చెమ్మగా మారుతుంది. ఎవరూ ఒక్క చుక్క ఒలకబోయకపోయినా నేల లోపలి నుంచి నానుతుంది.

చెక్కలో తేమ 20 శాతం దాటనంత కాలం దాన్ని కుళ్లబెట్టే శిలీంధ్రాలు పెరగలేవు. చుట్టూ గాలిలో తేమ 90 శాతం పైన నిలకడగా ఉంటే చెక్క ఆ గీత దగ్గరికి చేరుతుంది. చల్లని షీటు అడుగున జరిగేది అదే. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే 3.5 టన్నులు దాటిన సరుకు లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. డ్రైవర్ల ఆరోగ్యానికి అది ఎంతో అవసరమైన నిర్ణయం. దానితో పాటు ఈ చెమ్మ సమస్య కొన్ని వాహనాల నుంచి లక్షల వాహనాలకు విస్తరించే అవకాశం ఉంది కాబట్టి, చెక్క నేల ఉన్న ప్రతి ఏసీ బండికీ కింది వైపు ఆవిరిని ఆపే పూత ఉండాలన్నది ఇప్పుడే నేర్చుకోవాలి.

గుర్రాల ట్రైలరులో దీనికి ఇంకొకటి తోడవుతుంది. గుర్రపు మూత్రంలోని యూరియా, సూక్ష్మజీవుల వల్ల అమ్మోనియాగా మారుతుంది. క్షారగుణం ఉన్న ఆ ద్రవం అల్యూమినియంను కాపాడే పలుచటి ఆక్సైడ్ పొరను దెబ్బతీస్తుంది, ఉక్కును తుప్పు పట్టిస్తుంది. గుర్రాల గదికీ మనుషుల గదికీ నడుమ ఉన్న అడ్డుగోడ కింద సందు ఉంటే అది ఇటు వైపు చెక్కలోకి పాకుతుంది. మన సంచార వైద్యశాలలో క్రిమిసంహారక ద్రవాలు, రైలు పెట్టెలో మరుగుదొడ్డి నీరు చేసే పని ఇదే. కాబట్టి తడి గదికీ పొడి గదికీ నడుమ నేల మట్టంలో గట్టు ఉండాలి, షీటు ఆ గట్టు పైదాకా ఎక్కాలి.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, పలక పాడైతే ఒక్కదాన్ని మార్చుకోవచ్చు, అంటించిన షీటు చిరిగితే మొత్తం పీకాలి కదా అన్నది. చూడటానికి న్యాయంగానే ఉంది. కానీ బిగింపు పలకల వరసలో మధ్య పలకను తీయాలంటే గోడ నుంచి అక్కడి దాకా విప్పుకుంటూ రావాలి. ఆ పలకల మీద అలమర బోల్టు వేసి ఉంటే ముందు అలమర విప్పాలి. షీటు చిరిగితే ఆ మేర కోసి, కొత్త ముక్క అంటించి, అంచులను పీవీసీ కడ్డీతో వేడి గాలి పెట్టి అతకవచ్చు. ఆసుపత్రుల్లో రోజూ చేసే పనే ఇది. అతుకు కనబడవచ్చు, నీరు మాత్రం దిగదు.

రెండవ అభ్యంతరం, ఇంత తంటా ఎందుకు, బస్సుల్లో వేసినట్టు అల్యూమినియం చెకర్ ప్లేటు పరిస్తే పోదా అని. సామాన్ల గదికీ, మెట్లకూ, గుర్రాలు నిలబడే చోట రబ్బరు చాపల కిందా అది మంచిదే. నివాసపు గదికి కాదు. అల్యూమినియం వేడిని చెక్క కన్నా వెయ్యి రెట్లకు పైగా వేగంగా ప్రసరింపజేస్తుంది. మే నెలలో ఇంజను వేడి, రోడ్డు వేడి నేరుగా పాదానికి తగులుతాయి, ఏసీ చల్లదనం అంతే వేగంగా బయటికి పోతుంది. పైగా ఉక్కు చట్రం మీద అల్యూమినియంను నేరుగా బిగిస్తే, ఆ రెండు లోహాల నడుమ తడి చేరిన చోట అల్యూమినియంను తుప్పు తినేస్తుంది. నడుమ రబ్బరు పట్టీ లేకుండా ఆ పని చేయకూడదు. కార్పెట్ సంగతి ఇంకా తేలిక. చప్పుడు తగ్గిస్తుంది, కానీ చెమ్మనూ దుమ్మునూ పట్టి ఉంచుతుంది, వైద్యశాల బండిలో అసలు పనికిరాదు.

మూడవ అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. పీవీసీ అంటుకుంటే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. చిన్న గదిలో పొయ్యి వెలిగించే చోట దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పీవీసీ తనంతట తాను సులువుగా మంట అందుకోదన్నది నిజమే అయినా, ఆ ఒక్క మాటతో సమాధానపడలేం. వాహనాల లోపలి సామగ్రికి మన దేశంలో ఐఎస్ 15061 ప్రమాణం ఉంది. దాని ప్రకారం మంట నిమిషానికి 100 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. ఆ ధ్రువపత్రం ఉన్న షీటునే కొనాలి, ఇళ్లకు అమ్మే చవక షీటును బండిలో వేయకూడదు. పొయ్యి చుట్టూ అర మీటరు మేర స్టెయిన్‌లెస్ రేకు వేసుకోవాలి. డబ్బు పెట్టగలిగితే వాహనాల కోసం తయారైన రబ్బరు షీటు ఇంకా మేలు. అది కూడా మెత్తని, అతుకులు తక్కువైన, మొత్తంగా అంటించే షీటే కాబట్టి ఈ వాదన దానికీ వర్తిస్తుంది. పైపొర ఏ పదార్థమన్నది మారవచ్చు, అడుగున చేయాల్సిన పని మారదు.

పని ఎలా జరగాలి?

ముందుగా కాలం ఎంచుకోవాలి. రాయ్‌పూర్‌లో గానీ మన కోస్తాలో గానీ జులై, ఆగస్టుల్లో నేల వేయకూడదు. ఆ నెలల్లో ప్లైవుడ్ గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. దాన్ని అలాగే మూసేస్తే చెమ్మను లోపల పెట్టి సీలు వేసినట్టే. రాయ్‌పూర్‌లో వానలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటాక చేయాలి. చెక్కలో తేమను కొలిచే చిన్న మీటరు ఇప్పుడు తేలిగ్గా దొరుకుతుంది. అందులో 12 శాతం లోపు చూపిస్తేనే పని మొదలుపెట్టాలి.

తరువాత చెక్క. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, దాన్నే మెరైన్ ప్లై అంటారు. అందులో పొరలను కలిపే ఫినాలిక్ రెజిన్ ఎంత గట్టిదంటే, ఆ ప్రమాణం ప్రకారం ముక్కను 72 గంటలు నీటిలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదు. అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. ఊడిపోనిది జిగురు మాత్రమే, చెక్క నానదని కాదు. మెరైన్ ప్లై కూడా నీరు పీలుస్తుంది, ఎక్కువగా కోసిన అంచుల నుంచి పీలుస్తుంది. రంపంతో కోసిన అంచును దగ్గరగా చూస్తే ఒక పొర గీతలు అంచు పొడవునా సాగుతాయి, మరుసటి పొర గీతల కొసలు మాత్రమే కనబడతాయి. ఆ కొసల్లో సన్నని రంధ్రాలు వరసగా ఉంటాయి. చెట్టు బతికి ఉన్నప్పుడు నీరు ఎక్కిన దారులవి, ఇప్పటికీ నీటిని అలాగే లాగుతాయి. కాబట్టి ప్రతి పలకకూ అడుగు వైపు రెండు పూతలు, కోసిన అంచులకు మూడు పూతలు ఎపాక్సీ పట్టించాలి. బండిలో బిగించకముందే, నేల మీద పెట్టి చేయాల్సిన పని ఇది. బిగించాక అంచు చేతికి అందదు. స్క్రూ కోసం వేసిన ప్రతి రంధ్రమూ ఒక కొత్త అంచే, దానిలోనూ ఎపాక్సీ నింపి ఆరాకే స్టెయిన్‌లెస్ స్క్రూ బిగించాలి. ఏసీ ఉన్న బండికి ప్లైవుడ్ కింద, చట్రపు దూలాల నడుమ, నీరు పీల్చని ఎక్స్‌పీఎస్ ఫోమ్ పలకలు పెట్టి వాటి కింద రేకు మూయాలి. అన్నిటికన్నా దిగువన నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు వదలాలి. రైలు పెట్టె ట్రఫ్ రేకుకు కూడా ఇలాంటి రంధ్రాలు ఉండేవి. అవి మట్టితో పూడుకుపోతే తుప్పు మొదలైనట్టే.

స్క్రూ తలలను చెక్కలోకి దించి, ఎపాక్సీ పుట్టీతో పూడ్చి, గరుకు కాగితంతో మొత్తం ఒకే మట్టానికి తేవాలి. పలుచటి షీటు కింద ఇసుక రేణువు ఉన్నా కొన్నాళ్లకు పైకి ఉబ్బెత్తుగా తేలుతుంది. షీటును ముందురోజే విప్పి చదునుగా పరచి ఉంచాలి, చుట్టలో ఉన్నప్పటి వంపు పోవాలి. జిగురుగా రెండు భాగాలు కలిపే పాలీయూరిథేన్ రకమే వాడాలి. వడ్రంగులు వాడే మామూలు తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది, చెమ్మకు పట్టు వదులుతుంది. పళ్లున్న తాపీతో జిగురును సమంగా లాగి, షీటును మధ్య నుంచి అంచులకు అంటిస్తూ, 50 కిలోలు దాటిన రోలరుతో రెండు దిక్కులా నడపాలి. వినైల్ చుట్టలు సాధారణంగా రెండు మీటర్ల వెడల్పున వస్తాయి. మన చట్టం బండి వెడల్పును 2.6 మీటర్లకు పరిమితం చేసింది. అంటే చాలా గదుల్లో ఒక్క అతుకు చాలు. ఆ అతుకును మనుషులు నడిచే దారిలో పడనివ్వకుండా మంచం కిందికో అలమర కిందికో జరిపి, పొడవునా వేడి గాలితో అతకాలి.

చివరగా అంచు. షీటును గోడ దగ్గర కోసి బీడింగ్ వేసి వదిలేయడం మన వర్క్‌షాపుల్లో అలవాటు. అలా కాకుండా గోడ మూలలో గుండ్రటి పట్టీ పెట్టి, షీటును దాని మీదుగా పది సెంటీమీటర్లు పైకి ఎక్కించి అంటించాలి. ఆపరేషన్ థియేటర్లలో నేల గోడ మీదికి వంపు తిరిగి ఎక్కడం చూసే ఉంటారు, అదే పద్ధతి. అప్పుడు నేల మొత్తం నీరు దిగని పళ్లెంలా మారుతుంది. అలమరలు, మంచం బిగించే బోల్టులు షీటు గుండా పోయే చోట సీలెంట్ నింపాలి. నీటి ట్యాంకు, సింకు కింద చేయి పట్టేంత తనిఖీ మూత ఉండాలి. వానాకాలం మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ఆ మూత తీసి చూస్తే చెమ్మ ముదరకముందే పట్టుబడుతుంది.

ఇదంతా ఖర్చు పెంచదా అంటే, పెంచుతుంది. ఎపాక్సీ, మెరైన్ ప్లై, మంచి జిగురు, ఒకటి రెండు రోజుల అదనపు కూలి, ఇవన్నీ డబ్బే. కానీ ఆ డబ్బు చెక్క గీతల పలకలకూ మామూలు షీటుకూ ఉన్న ధర తేడాలో కొంతవరకు సర్దుకోవచ్చు. కంటికి కనబడే చోట తగ్గించి, కనబడని చోట పెట్టడమే ఇక్కడ కావలసిన నిర్ణయం. క్యారవాన్లకు ఏఐఎస్–124, అంబులెన్సులకు ఏఐఎస్–125 అని మన దేశంలో నిర్మాణ ప్రమాణాలు ఉన్నాయి. బండి కట్టించుకునేవారు ఆ పేర్లు చెప్పి అడగాలి. సంచార వైద్యశాలలకు టెండరు రాసే అధికారులు నేల రంగూ మందమూ రాసి ఊరుకోకూడదు. ప్లైవుడ్ ముద్ర, అడుగు పూత, అంచు ఎత్తు, తనిఖీ మూత, ఈ నాలుగూ నిబంధనల్లో రాయాలి. బండి అప్పగించే రోజున దాన్ని మరమ్మతు గుంట మీద నిలిపి కింది నుంచి చూడాలి. కొనేవారికి చెప్పేది కూడా అదే: బండి లోపలికి ఎక్కి నేల మెచ్చుకునే ముందు కిందికి వంగి దాని అడుగు చూడండి, పూత లేని చెక్క కనబడితే ఆ బండి కొనకండి.